డీవీడీ ప్లేయరు – దాని పరిభాష

గృహయంత్ర పరిచయము



ఈ మాసము ఈ శీర్షికక్రింద వంటయింటితో నేమియు సంబంధములేని యంత్రమొకదానినిగూర్చి వ్రాయదలచితిమి. అది డీవీడీ ప్లేయరు. “ఈ దినములలో దానిని వాడువారెవరు? సినిమాలన్నియు ఫోనులోనే వచ్చుచున్నవి గదా!” యని కొందరు నవ్వవచ్చును. సినిమాలమాట నిజమే. కాని మన పెండ్లి ఫోనులో రాదు. 2000వ సంవత్సరము మొదలు ఇంచుమించుగ 2015 వరకు మన యిండ్లలో జరిగిన వివాహములును, సీమంతములును, బారసాలలును, గృహప్రవేశములును అనేకము ఈ గుండ్రని పళ్ళెములమీదనే నిలిచియున్నవి. పళ్ళెమున్నను దానిని చూపు పెట్టె లేక, పెట్టె యున్నను దానిమీది మాటలర్థముగాక, ఎందరో గృహిణులు వాటిని బీరువాలో మూలకు త్రోసివేసినారు. కొందరు పారవేసినారుకూడ. ఈ పెట్టెమీది మాటలు అంగడివాడు అలంకారమునకు వ్రాసినవి కావు. ఒక్కొక్క మాటయు, బొమ్మ రానప్పుడు లోప మెచట వెదకవలెనో తెలుపునట్టిది. ఈ సంగతి మాకును ఇటీవలనే బాగుగ బోధపడినది.

కొన్నినెలలక్రిందట సిద్దిపేట జిల్లా మర్కూకులో పరిచయస్థురాలగు నొక గృహిణి యింటికి పోయితిమి. మర్కూకు 2016లో మండలకేంద్రమైనది. ఊరికి చేరువనే కొండపోచమ్మ సాగరము కలదు. గోదావరీజలమును యంత్రములతో ఎత్తి తెచ్చి నింపు ఈ జలాశయము 15 టీఎంసీల నీరు పట్టునది. 2020 మే 29వ తేదీన ప్రారంభింపబడినది. దీనిక్రింద బైలంపూరు, మామిడ్యాల, తానేదార్‌పల్లి అను గ్రామములు మునిగిపోగా, ఆ జనులకు తునికి బొల్లారమువద్ద క్రొత్త కాలనీ కట్టియిచ్చిరి. మేము చూడబోయిన సోదరి పుట్టినిల్లు ఆ మునిగిన ఊళ్ళలో నొకదానియందుండెడిది. 2008లో ఆమె పెండ్లి ఆ యింటి వాకిటనే, పచ్చని పందిరిక్రింద జరిగినదట. తల్లి 2014లో కాలముచేసినది. ఆ యింటి గోడలుగాని, వాకిటి వేపచెట్టుగాని, తల్లి గొంతుగాని యిక మిగిలియున్నచో అది గజ్వేలు ఫొటోగ్రాఫరు ఆనాడు చేసియిచ్చిన ఒక్క డిస్కులోనే.

ఆ డిస్కును చీరల మడతలలోనుండి తీసి మాచేతి కిచ్చుచు ఆమె, “అక్కా, ఇది పెడ్తే నో డిస్కు అంటున్నది. పాటల సీడీ మంచిగనే పాడుతున్నది. అంటే పెట్టె మంచిగున్నట్టే గదా! డిస్కే ఖరాబైనట్టున్నది” అని కన్నులు దించుకొన్నది.

ఆమె తర్కము వినుటకు సరిగానే యున్నది. కాని అది తప్పు. ఎందుచేత తప్పో తెలియవలెనన్న మొదట డిస్కుల జాతులను తెలిసికొనవలెను.

డిస్కుల జాతులు

సీడీ, వీసీడీ, డీవీడీ, బ్లూ-రే – ఈ నాలుగును చూపునకు ఒక్కతీరుగనే యుండును. అన్నియు 12 సెంటీమీటర్ల వెడల్పు గలవి, 1.2 మిల్లీమీటర్ల మందము గలవి. భేదమంతయు లోపలి వ్రాతలో కలదు.

సంక్రాంతికి మనము సకినాలు చుట్టుదుము. నడుమ మొదలుపెట్టి పిండితాడును వరుసవరుసగ వెలుపలికి త్రిప్పుకొనుచు పోవుదుము. డిస్కుమీది వ్రాతయు నట్టిదే. నడిమినుండి అంచువరకు ఒకే చుట్ట. ప్లేయరులోని లేజరు కిరణము ఆ చుట్టను నడిమినుండి వెలుపలికి చదువుకొనుచు పోవును. సీడీలో ఒక వరుసకును మరియొక వరుసకును నడుమ దూరము 1.6 మైక్రానులు. మైక్రానన మిల్లీమీటరులో వెయ్యవ వంతు. డీవీడీలో ఆ దూరము 0.74 మైక్రానులే. వరుసలు దగ్గరైనకొలది అదే పళ్ళెములో ఎక్కువ పట్టును గదా! అందుచేతనే సీడీలో 700 ఎంబీలు పట్టగా డీవీడీలో 4.7 జీబీలు, అనగా దాదాపు ఏడింతలు పట్టును. కొన్ని డీవీడీలలో ఒకదానిపై నొకటి రెండు పొరలుండును. దానిని “డ్యూయల్ లేయరు” అందురు, అది 8.5 జీబీలు పట్టును.

సన్నని వ్రాతను చదువుటకు సన్నని కిరణము కావలెను. సీడీని చదువు కిరణము 780 నానోమీటర్లది. డీవీడీని చదువునది 650 నానోమీటర్ల ఎఱ్ఱని కిరణము. 2006లో వచ్చిన బ్లూ-రేకు 405 నానోమీటర్ల నీలలోహిత కిరణము కావలెను. అందుచేతనే బ్లూ-రే అను పేరు. కావున డీవీడీ ప్లేయరు బ్లూ-రే డిస్కును చదువజాలదు. బ్లూ-రే ప్లేయరు మాత్రము సాధారణముగ డీవీడీలను చదువును.

ఇక మర్కూకు సోదరి తర్కమునకు వత్తము. అనేక డీవీడీ ప్లేయర్లలో సీడీకొక లేజరు, డీవీడీకొక లేజరు వేరువేరుగ నుండును. అందులో డీవీడీది బలహీనమైనను సీడీది చక్కగ పనిచేయుచునే యుండవచ్చును. పాటల సీడీ పాడుచున్నదను మాత్రమున డీవీడీని చదువు శక్తి యున్నదని చెప్పరాదు. మావెంట తెచ్చిన లాప్‌టాప్‌నకు చిన్న డీవీడీ డ్రైవును యూఎస్‌బీ తీగతో తగిలించి ఆ డిస్కును పెట్టితిమి. అర నిమిషము గిరగిర తిరిగి, పసుపు దంచు ముత్తైదువలు తెరమీద కనబడిరి. డిస్కు చెడలేదు, చెడినది పెట్టె. ఆమె దానిని పారవేయక చీరలలో దాచుటయే మేలైనది.

వీసీడీ, డీవీడీ – బొమ్మలో భేదము

వీసీడీయనునది 1993లో వచ్చినది. అది సీడీమీదనే వ్రాసిన బొమ్మ. ఒక్కదానిలో సుమారు 74 నిమిషములే పట్టును. అందుచేతనే సినిమాలు రెండు మూడు డిస్కులుగ వచ్చెడివి. డీవీడీ 1996 నవంబరులో జపానునందు మొదట అంగడికి వచ్చినది.

బొమ్మ స్పష్టతను “రెజల్యూషన్” అందురు. మన సిద్దిపేట గొల్లభామ చీరను తలచుకొనుడు. చల్లకుండ నెత్తిన పెట్టుకొన్న ఆ భామను తక్కువ పోగులతో నేసిన ముక్కు మొగము మొద్దుగ నుండును. ఎక్కువ పోగులతో నేసిన కంటిరెప్పయు తెలియును. తెరమీది బొమ్మయు చుక్కలనేతయే. వీసీడీలో అడ్డముగ 352, నిలువుగ 288 చుక్కలు. డీవీడీలో అడ్డముగ 720, నిలువుగ 576. లెక్కించి చూచిన డీవీడీ బొమ్మలో నాలుగింతల చుక్కలుండును. ఫొటోగ్రాఫరు ఒకే పెండ్లికి డీవీడీని, వీసీడీని రెండును ఇచ్చియుండిన, భద్రపరచుటకు మొదట డీవీడీని ఎన్నుకొనవలెను.

ఇన్ని చుక్కలను ఉన్నవి ఉన్నట్లు వ్రాసిన డిస్కులో కొన్ని నిమిషములకంటె పట్టదు. అందుచే వాటిని కుదించి వ్రాయుదురు. ఆ కుదింపు పద్ధతి పేరు “ఎంపెగ్”. వీసీడీలో ఎంపెగ్-1, డీవీడీలో ఎంపెగ్-2. పద్దుపుస్తకములో పైపంక్తిలోని మాటనే మరల వ్రాయవలసివచ్చినప్పుడు మనము “పైదే” యని గుర్తుపెట్టుదుము గదా! ఇదియు నంతే. పెండ్లిమండపము కదలదు, దానిని ప్రతిసారి వ్రాయనక్కరలేదు. కదలినది తలంబ్రాలు పోయు చేతులు. వాటినే క్రొత్తగ వ్రాయును. ఒక డీవీడీలో మంచి బొమ్మతో సుమారు రెండుగంటలు పట్టును. ఆశపడి నాలుగుగంటల పెండ్లిని ఒక్కదానిలోనే ఇరికించినయెడల కుదింపు మితిమీరి, జనులు కదలినప్పుడెల్ల బొమ్మ గళ్ళుగళ్ళుగ విరిగిపోవును. అది డిస్కు లోపము కాదు, కాపీనమునకు ఫలము.

మాట్లాడునది టీవీయా, ప్లేయరా?

బొమ్మ రానప్పుడు తెరమీద వచ్చు మాటను మొదట చదువవలెను. “నో సిగ్నల్” అని వచ్చిన, మాట్లాడుచున్నది టీవీ. నాకు తీగవెంబడి ఏమియు అందలేదని దాని మొర. అప్పుడు డిస్కును నిందింపరాదు. తీగను, రిమోటులోని “సోర్సు” మీటను చూడవలెను. “నో డిస్కు” అనియో, “బ్యాడ్ డిస్కు” అనియో వచ్చిన, మాట్లాడుచున్నది ప్లేయరు. తీగ సరిగానే యున్నది, చదువుటలోనే చిక్కు.

తీగలలో పాతది మూడు రంగులది. పసుపుపచ్చనిది బొమ్మకు, ఎఱ్ఱనిది తెల్లనిది ధ్వనికి. ఈ పసుపు తీగను “కాంపోజిట్” అందురు. రంగులును వెలుగును ఒకే తీగలో కలిసి వచ్చుటచే బొమ్మ కొంత మసకగ నుండును. “ఎస్-వీడియో” యనునది గుండ్రని చిన్న మొలకలుగల తీగ. వెలుగును రంగును వేరుచేసి తెచ్చును. “కాంపోనెంట్” అనునది ఎరుపు, ఆకుపచ్చ, నీలము తీగలుగ మూడు పాయలలో తెచ్చును. బొమ్మ మరింత తేటగ నుండును. “హెచ్‌డీఎంఐ” యనునది బొమ్మను ధ్వనిని ఒకే తీగలో అంకెల రూపముననే చేరవేయును. పాత ప్లేయర్లకు హెచ్‌డీఎంఐ రంధ్రముండదు. క్రొత్త టీవీలలో కొన్నిటికి మూడురంగుల రంధ్రములు లేవు. అటువంటి టీవీలలో పెక్కింటికి ప్రక్కన “ఏవీ” యను చిన్న గుండ్రని రంధ్రముండును. దానికి తగిన చిన్న జోడింపు తీగ అంగళ్ళలో దొరకును. ఇది తెలియక ఈ టీవీకి డీవీడీ పనికిరాదని నిశ్చయించుకొన్న యిండ్లను చూచితిమి.

“అప్‌స్కేలింగ్” అను మాట కొన్ని పెట్టెలమీద పెద్ద అక్షరములతో నుండును. డీవీడీలోని తక్కువ చుక్కలను పెద్దతెరకు సరిపోవునట్లు పెంచి చూపుట దీని యర్థము. పాలలో నీరు పోసిన గిన్నె నిండునేకాని వెన్న పెరుగదు. కంటికి కొంత నునుపుగ నుండును; లేని వివరము మాత్రము రాదు. ఈ మాట కొరకు అధికమూల్య మీయనక్కరలేదు.

“ఇంటర్‌లేస్డ్”, “ప్రోగ్రెసివ్ స్కాన్” అను రెండు మాటలు కలవు. పాత టీవీలు బొమ్మను గీతలుగ గీయుచు మొదట బేసి గీతలను, పిమ్మట సరి గీతలను నింపెడివి. ఇది ఇంటర్‌లేస్డ్. ఒక్కొక్క గీతను వరుస తప్పక, మగ్గముమీద పేకపోగువలె పైనుండి క్రిందివరకు వేయుట ప్రోగ్రెసివ్. ఇది కాంపోనెంట్, హెచ్‌డీఎంఐ తీగలలోనే పోవును. పసుపు తీగను తగిలించియుండి, పిల్లలు రిమోటులోని “పీ-స్కాన్” మీటను నొక్కినయెడల బొమ్మ మాయమగుటయో, చెదరుటయో జరుగును. యంత్రము చెడినదని కంగారుపడి మెకానిక్కునకు రూపాయలు సమర్పింపక, ఆ మీటనే మరల నొక్కి చూడుడు.

దేశదేశముల భేదములు

మన తెలంగాణ పల్లెలలో దుబాయి, మస్కటు పోయివచ్చినవారు లేని వాడ అరుదు. మర్కూకు సోదరి యింటి ప్లేయరును ఆమె తమ్ముడు దుబాయినుండి తెచ్చినదే. అటువంటి పెట్టెల విషయమున “రీజియన్ కోడు” అను మాట తెలిసియుండవలెను. సినిమా సంస్థలు లోకమును భాగములుగ పంచి, ఒక భాగమున అమ్మిన డిస్కు వేరొక భాగమున అమ్మిన ప్లేయరులో ఆడకుండునట్లు అంకెలు పెట్టినవి. అమెరికా, కెనడాలకు 1, ఐరోపా, జపాను, గల్ఫుదేశములకు 2, ఆగ్నేయాసియాకు 3, ఆస్ట్రేలియా, దక్షిణ అమెరికాలకు 4, భారతదేశము, రష్యా, ఆఫ్రికాలో అధికభాగమునకు 5, చైనాకు 6. భూగోళపు బొమ్మలో ఈ అంకె డిస్కు డబ్బామీదను, ప్లేయరు వెనుకను వ్రాసియుండును. అంకెలు కలియనిచో “రాంగ్ రీజియన్” అని వచ్చును. “0” అనియో “ఆల్” అనియో యున్న డిస్కు ఎచ్చటనైన ఆడును.

ఇచట ముఖ్యమైన మాట యొకటి. ఈ కట్టుబాటు అంగడి సినిమాలకేకాని మన పెండ్లి డిస్కులకు సాధారణముగ నుండదు. కావున దుబాయి పెట్టెలో పెండ్లి డిస్కు ఆడకుండిన కారణము రీజియన్ కాదు; వేరొకచోట వెదకవలెను.

“పాల్”, “ఎన్‌టీఎస్‌సీ” యనునవి వేరు. ఇవి టీవీల లిపులవంటివి. మన దేశమున పాల్. నిలువుగ 576 గీతలు, సెకనునకు 25 బొమ్మలు. అమెరికాలో ఎన్‌టీఎస్‌సీ, 480 గీతలు, సెకనునకు సుమారు 30 బొమ్మలు. అమెరికాలోని కూతురు సీమంతపు డిస్కు పంపినప్పుడు బొమ్మ నలుపుతెలుపుగ వచ్చినను, పైకిక్రిందికి దొర్లినను, ప్లేయరు “సెటప్” పట్టికలో టీవీ టైపు అనుచోట “ఆటో” యనియో “మల్టీ” యనియో మార్చి చూడవలెను.

వధువు లావుగ కనబడుట

పెండ్లినాడు సన్నగ నున్న పెండ్లికూతురు నేటి టీవీలో గుమ్మడికాయవలె కనబడుచున్నదని నవ్వుకొను కుటుంబములు అనేకము. దీనికి కారణము “ఆస్పెక్ట్ రేషియో”. పాత టీవీ తెర వెడల్పు నాలుగు పాళ్ళయిన ఎత్తు మూడు పాళ్ళు. దానిని 4:3 అందురు. నేటి తెర 16:9. నాలుగు మూళ్ళ బొమ్మను వెడల్పు తెరకు సాగదీసిన అందరును లావగుదురు. టీవీ పట్టికలో 4:3 ఎన్నుకొన్న ఇరుప్రక్కల నల్లని పట్టీలు వచ్చి, నడుమ వధువు తన రూపముతో నిలుచును. ఆ నల్లని పట్టీలు లోపము కావు. సినిమా డిస్కులలో పైనను క్రిందను వచ్చు పట్టీలను “లెటర్‌బాక్స్” అందురు. బొమ్మ అంచులు కోసివేయబడలేదని వాటి యర్థము.

ధ్వని

“డాల్బీ డిజిటల్ 5.1” అన ఐదు స్పీకర్లును, మందరధ్వనికి మరియొకటియు. మాటలు ముఖ్యముగ నడిమి స్పీకరునుండి వచ్చును. మన టీవీకి ఉన్నవి రెండే. ఆరింటిని రెండింటిలోనికి కలుపుటను “డౌన్‌మిక్స్” అందురు. ఇది సరిగ పెట్టనిచో సినిమాలో పాట హోరెత్తుచు మాట వినబడకుండును. ధ్వని పట్టికలో “స్టీరియో” యని యుంచిన చాలును. ధ్వని బొత్తిగ రానిచో డిజిటల్ ఔట్‌పుట్ అనుచోట “రా” యనియున్నదేమో చూచి “పీసీఎం” అని మార్చవలెను. పెండ్లి డిస్కులలో సాధారణముగ రెండు స్పీకర్ల ధ్వనియే యుండును.

కాల్చిన డిస్కు, అచ్చువేసిన డిస్కు

2007 ప్రాంతమున మోసర్ బేర్ సంస్థ తెలుగు సినిమాలను వీసీడీ 28 రూపాయలకు, డీవీడీ 34 రూపాయలకు అమ్మి ఇంటింటికి చేర్చినది. అవి కర్మాగారమున అచ్చువేసినవి. అడుగు వెండివలె తళతళలాడును. ఫొటోగ్రాఫరు ఇచ్చునది అట్టిది కాదు. అది “డీవీడీ-ఆర్” అనియో “డీవీడీ+ఆర్” అనియో పేరుగల ఖాళీ డిస్కుమీద లేజరుతో కాల్చి వ్రాసినది. దాని అడుగు ఊదారంగుగ నుండును. ఆ వ్రాత రంగుపొరమీదిది. ఎండకును వేడికిని మన బట్టల రంగు వెలియునట్లే అదియు క్రమముగ వెలియును. “ఆర్‌డబ్ల్యూ” అనునది చెరిపి మరల వ్రాయదగినది. వ్రాత ముగించి ముద్ర వేయుటను “ఫైనలైజ్” అందురు. అది చేయని డిస్కు వ్రాసిన యంత్రములో ఆడునుగాని ఇతర పెట్టెలలో సాధారణముగ ఆడదు.

సీడీలో వ్రాతపొర పైనున్న పేరుచీటి పొరకు వెంటనే క్రింద నుండును. అందుచే పైవైపు గీత పడుట అడుగున గీత పడుటకంటె ప్రమాదము. బాల్‌పెన్నుతో పేరు వ్రాయరాదు, కాగితము అంటింపరాదు. డీవీడీ 0.6 మిల్లీమీటర్ల రెండు రేకులను అతికినది. వ్రాత నడుమ దాగియుండును గనుక కొంత రక్షణ కలదు. దేనినైనను అంచులు పట్టి ఎత్తవలెను. మెత్తని నూలుగుడ్డతో నడిమినుండి అంచునకు తిన్నగ తుడువవలెను. గుండ్రముగ త్రిప్పుచు తుడిచిన, గీత పడినచో అది వ్రాతవెంబడి పోయి చదువుట కష్టమగును. అడ్డముగ పడిన సన్నని గీతను యంత్రము సాధారణముగ దాటుకొనగలదు. నిలువుగ, డబ్బాలో, చీకటిగ, చల్లగ నుండుచోట ఉంచవలెను.

భద్రపరచు విధము

మర్కూకులోని ఆ డిస్కు లాప్‌టాప్‌లో రెండుగంటలు చక్కగ నడిచినది. మంగళస్నానము, ఎదురుకోలు, జీలకఱ్ఱబెల్లము, భోజనములు – అన్నియు వచ్చినవి. వాకిటి వేపచెట్టు కనబడగనే ఆమె పిల్లలు “అమ్మమ్మ ఇల్లు ఇట్లుండెనా!” యని కేకలువేసిరి. తుదకు అప్పగింతలవద్దకు వచ్చుసరికి బొమ్మ ముక్కలై ఆగిపోయినది. చదువుట నడిమినుండి వెలుపలికి గనుక ఉత్సవములో కడపటి ఘట్టము అంచువద్ద నుండును. చేతివ్రేళ్ళును గీతలును తగులుచోటు ఆ అంచే. బిడ్డను అత్తవారి చేతిలో పెట్టుచు ఆ తల్లి పలికిన మాటలు అక్కడనే యున్నవి. తుడిచి చూచితిమి, మెల్లగ చదివించి చూచితిమి. రాలేదు.

అప్పుడామె అత్తగారు ఒక సంగతి జ్ఞప్తికి తెచ్చిరి. పెండ్లియైన దినములలో చుట్టాలకొరకు అదే పెండ్లిని మూడు వీసీడీలుగ చేయించిరట. తునికి బొల్లారము కాలనీలోనున్న పెద్దమ్మయింట ఒక జత యుండవచ్చునట. మరునాడు కోడలు పోయి తెచ్చినది. ఊరు ఖాళీచేసినప్పుడు పెద్దమ్మ వాటిని బియ్యపు డబ్బాలో పెట్టి తెచ్చుకొన్నదట. వీసీడీ సీడీజాతిది గనుక, డీవీడీని నిరాకరించిన ఆ దుబాయి పెట్టెయే దానిని ఆడించినది. మూడవ డిస్కులో అప్పగింతలు వచ్చినవి. చుక్కలు తక్కువగుటచే ముఖములు మసకగ నుండెను. గొంతుమాత్రము స్పష్టముగ నున్నది. “ఏడ్వకు బిడ్డా, దగ్గరనే గదా, పొద్దుగూకంగ వస్త” అని తల్లి యనుచున్నది. ఇంటిల్లిపాదియు కదలక వినిరి. ఆ గొంతు విని పదునొకండేండ్లకు పైబడినదని ఆమె మాతో చెప్పినది.

సోదరీమణులారా, మీరు చేయవలసినది ఇది. లాప్‌టాప్‌గాని, యూఎస్‌బీ డీవీడీ డ్రైవుగాని యున్నవారిని చూచి, డిస్కులోని దస్త్రములను నకలు చేయించుడు. డీవీడీలో “వీడియో టీఎస్” అను సంచిలో “వీఓబీ” అను తోకగల దస్త్రములు, ఒక్కొక్కటి ఇంచుమించు ఒక జీబీ పరిమాణమున నుండును. వీసీడీలో “ఎంపెగ్ ఏవీ” అను సంచిలో “డాట్” అను తోకగల దస్త్రములుండును. వాటిని ఉన్నవి ఉన్నట్లు దించుకొనవలెను. వాట్సాప్‌లో పంపుకొన్న నకలు మరల కుదింపబడును గనుక అది చూచుటకేగాని దాచుటకు పనికిరాదు. ఒక నకలు మీయింట, ఒకటి ఆడబిడ్డయింటనో చెల్లెలియింటనో ఉంచుడు. ఒకయింట చెడినది మరియొకయింట దొరకును. మర్కూకులో జరిగినది అదే గదా! నకలు తీసితిమని డిస్కును పారవేయకుడు. సినిమా డిస్కుల విషయమున ఇట్లు చేయుటకు హక్కుల చట్టము అడ్డువచ్చును. మేము చెప్పునది మన యింటి వేడుకలకే.

ఆలస్యము చేయరాదు. చౌకగ డిస్కులమ్మిన మోసర్ బేర్ 2018లో దివాలాయై మూసివేత పాలయినది. రికార్డు చేయదగు బ్లూ-రే డిస్కుల తయారీని సోనీ సంస్థ 2025 ఫిబ్రవరిలో నిలిపినది. నేడు అమ్ముడగు లాప్‌టాప్‌లలో అధికభాగమునకు డిస్కు డ్రైవు లేదు. చదువు యంత్రములు తగ్గుచున్నవి, వ్రాత వెలియుచున్నది. ఈ పత్రిక చదివి ముగించినవెంటనే బీరువా తెరచి చూడుడు. డిస్కు అడుగు వెండిరంగో ఊదారంగో పరీక్షింపుడు. పేరును, సంవత్సరమును మెత్తని మార్కరుతో డబ్బాపై వ్రాయుడు. మీ పెట్టెలో ఆడకుండిన, వేరొక పెట్టెలో పెట్టి చూడకముందు మాత్రము డిస్కు చెడినదని తీర్పు చెప్పకుడు.